దుబాయి నాలుగు గంటలేనా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి అసలు లెక్క

ఇవ్వాళ్టి ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. హైదరాబాద్ నుంచి దుబాయికి ఎంత దూరం? ఫోన్‌లో కొడితే వెంటనే వచ్చేస్తుంది. సుమారు 2,550 కిలోమీటర్లు, నాన్‌స్టాప్ ఫ్లైట్‌లో దాదాపు నాలుగు గంటలు. ఇంతే అయితే వీడియో ఇక్కడే ఆపేయొచ్చు.

కానీ ఇదే ప్రశ్న జగిత్యాలలోనో, కోరుట్లలోనో, సిరిసిల్లలోనో నలుగురు కూర్చున్న చోట అడిగి చూడండి. ఒకరికి అది వారం రోజుల దూరం. ఒకరికి రెండేళ్ళు. ఇంకొకరికి పద్దెనిమిదేళ్ళు. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా కొలుస్తున్నారన్నదే తేడా. ఎయిర్‌పోర్ట్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కు కొలిస్తే నాలుగు గంటలు. ఇంటి గడప దాటి, మళ్ళీ అదే గడప తొక్కేదాకా కొలిస్తే ఎంత? ఈ ఎపిసోడ్ మొత్తం ఆ లెక్కే.

ముందే ఒక మాట. మన దగ్గర "దుబాయి పోయిండు" అంటే దుబాయికే పోయినట్టు కాదు. సౌదీ, కువైట్, మస్కట్, ఖతార్, బహ్రెయిన్ అన్నీ మన ఊళ్ళల్లో దుబాయే. ఈ ఎపిసోడ్‌లో మాత్రం లెక్క తేలాలి కాబట్టి నిజం దుబాయినే తీసుకుందాం.

ముందు మ్యాప్ సంగతి. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి రెండు ఊళ్ళ మధ్య దగ్గరి దారి మ్యాప్ మీద స్కేలు పెట్టి గీసిన గీత కాదు, కొంచెం వంపు తిరిగిన గీత. దాన్ని గ్రేట్ సర్కిల్ అంటారు. రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశం, రేఖాంశం ఇస్తే నాలుగు లైన్ల కోడ్ చాలు, దూరం వచ్చేస్తుంది. శంషాబాద్ నుంచి దుబాయికి 2,550 దగ్గర వస్తుంది. అదే కోడ్‌లో శంషాబాద్ తీసేసి జగిత్యాల పెట్టాను. సుమారు 2,530 వచ్చింది. అంటే కాకి ఎగిరే లెక్కన దుబాయికి హైదరాబాద్ కంటే జగిత్యాలే ఓ ఇరవై కిలోమీటర్లు దగ్గర. కానీ జగిత్యాల మనిషి ముందు దక్షిణానికి 200 కిలోమీటర్లకు పైగా రోడ్డు మీద పోయి, శంషాబాద్‌లో విమానం ఎక్కి, మళ్ళీ వాయవ్యం వైపు తిరగాలి. మొదటి ఐదు గంటల్లో ఆయన దుబాయికి ఒక్క కిలోమీటరు కూడా దగ్గర కాలేదు.

ఇంకో రెండు విషయాలు. ఒకటి, గడియారం. దుబాయి మనకంటే గంటన్నర వెనక. తెల్లారుజామున 4కి ఇక్కడ విమానం లేస్తే 8కి దిగాలి, కానీ అక్కడి గడియారంలో 6:30 అవుతుంది. పోయేటప్పుడు రెండున్నర గంటల్లోనే చేరినట్టు అనిపిస్తుంది. వచ్చేటప్పుడు రాత్రి 10కి అక్కడ లేస్తే ఇక్కడ మూడు అవుతుంది, ఐదు గంటలు పట్టినట్టు ఉంటుంది. రెండోది, గాలి. చాలా ఎత్తున గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది, చలికాలంలో మరీ గట్టిగా. కాబట్టి పోయేటప్పుడు విమానానికి ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోసే గాలి. అందుకే నిజానికి తిరుగు ప్రయాణమే అరగంట తక్కువ. గాలి లెక్క ప్రకారం ఇంటికి రావడమే సులువు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

ఇప్పుడు అసలు కథ. స్క్రీన్ మీద ఆ గ్రేట్ సర్కిల్ గీత చూడండి. శంషాబాద్‌లో మొదలై కర్ణాటక కొసను తాకి, మహారాష్ట్ర మీదుగా పోయి అరేబియా సముద్రంలోకి దిగుతుంది. సముద్రం చేరే ముందు ఎక్కడ దాటుతుందో చూశారా? భీవండికి ఉత్తరంగా, దాదాపు 20 కిలోమీటర్ల పక్క నుంచి. ముంబై ఆ గీతకు ఇంకొంచెం దూరమే అయినా, మరీ పక్కకు ఏం లేదు. హైదరాబాద్ నుంచి ముంబై 620 కిలోమీటర్లు, ముంబై నుంచి దుబాయి 1,930 కిలోమీటర్లు. కూడండి. 2,550. అంటే గాలి లెక్కన బొంబాయి మీద నుంచి దుబాయికి పోవడం చుట్టు తిరుగుడు కానే కాదు. బొంబాయి ఆ దారి మీదనే ఉంది, సరిగ్గా నాలుగో వంతు దగ్గర.

నేను చెప్పాలనుకున్నది ఇదే. మన వాళ్ళకు దుబాయి తొవ్వ 1970లలో ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆ తొవ్వలో మొదటి నాలుగో వంతు మన తాతముత్తాతలు వందేళ్ళ ముందే నడిచారు. దుబాయి అంటే బొంబాయి తొవ్వకు పొడిగింపు.

ఎట్లా అంటారా? ముంబైలో కామాఠీపుర పేరు వినే ఉంటారు. ఆ పేరు వచ్చింది కామాఠీల నుంచి. కామాఠీలంటే నిజాం ఇలాకా నుంచి బొంబాయికి కూలికి పోయిన తెలుగువాళ్ళు. 19వ శతాబ్దంలో ఆ నగరం కడుతుంటే రాళ్ళు మోసింది, గోడలు లేపింది, రోడ్లు వేసింది వీళ్ళు. 1850లలో అక్కడ బట్టల మిల్లులు మొదలయ్యాయి. మగ్గం తెలిసిన పద్మశాలీలకు మిల్లు కొత్త పనే అయినా నూలు కొత్త కాదు కదా. కరీంనగర్ ప్రాంతం నుంచి బొంబాయి, షోలాపూర్, భీవండి, ఆ తర్వాత సూరత్. ఈ నాలుగు ఊళ్ళ పేర్లు తెలియని ఇల్లు సిరిసిల్లలో ఉండదు. సిరిసిల్ల మరమగ్గాల పనితనంలో కూడా భీవండి, షోలాపూర్‌లలో నేర్చుకున్నది చాలా ఉంది. మన దగ్గర ఒక మాట ఉంది కదా, "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అని. ప్రాస కోసం పుట్టిన మాట అనుకుంటాం. చూస్తే అది మూడు మెట్ల చరిత్ర. దగ్గరిది సింగరేణి, తర్వాతది బొంబాయి, ఆ తర్వాతది దుబాయి.

సరే, బొంబాయి నుంచి దుబాయికి ఎట్లా? విమానాల కంటే ముందు ఓడలు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు బొంబాయిలో బయలుదేరి కరాచీ ఆగి, గల్ఫ్ రేవులన్నీ తిరుగుతూ పోయేవి. దుబాయి అందులో ఒక స్టాప్, మన పల్లెవెలుగు బస్సు స్టాప్ లాగ. రేవు రేవుకూ ఆగుకుంటూ పోయేసరికి రోజులకు రోజులు. డబ్బులు లేనివాళ్ళు డెక్ మీదనే పడుకుని పోయేవాళ్ళు. "దుబాయికి వారం" అనే జవాబు ఇక్కడిది.

అప్పటి దుబాయిలో చెల్లింది ఏ డబ్బో తెలుసా? మన రూపాయి. బంగారం దొంగచాటు వ్యాపారంతో రూపాయిలు అటు పారిపోతున్నాయని 1959లో రిజర్వ్ బ్యాంక్ గల్ఫ్ కోసం వేరేగా "గల్ఫ్ రూపాయి" నోట్లు అచ్చు వేసింది. 1966 జూన్‌లో ఇండియా రూపాయి విలువ తగ్గించేదాకా దుబాయి బజారులో అవే నోట్లు తిరిగాయి. యూఏఈ దిర్హమ్ వచ్చింది 1973లో. ఇవ్వాళ దిర్హమ్ రేటు చూసుకుంటూ ఇంటికి డబ్బులు పంపే వాళ్ళకు ఇది వింతగానే ఉంటుంది. ఒకప్పుడు అక్కడి వాళ్ళు మన నోటు విలువ చూసుకునేవాళ్ళు.

ఓడ ప్రయాణం క్షేమం కూడా కాదు. 1961 ఏప్రిల్ 8న దుబాయి తీరం దగ్గర ఎం.వి. దారా అనే ఓడలో పేలుడు జరిగి మంటలు లేచాయి. 238 మంది చనిపోయారు. అదే కంపెనీ ఓడ ద్వారక, ఈ రూట్‌లో చివరిదాకా నడిచింది. 1982లో అది కూడా ఆగిపోవడంతో ఆ కంపెనీ బొంబాయి - గల్ఫ్ సముద్రపు దారి ముగిసింది.

ఇప్పుడు దుబాయి ఎయిర్‌పోర్ట్. 1937లో బ్రిటిష్ వాళ్ళ ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలు దుబాయిలో దిగడం మొదలైంది. కానీ దిగింది నేల మీద కాదు, నీళ్ళ మీద. అవి ఫ్లయింగ్ బోట్లు, క్రీక్‌లో వాలేవి. నేల మీద ఎయిర్‌పోర్ట్ వచ్చింది 1960లో, అది కూడా గట్టిగా తొక్కించిన ఇసుక రన్‌వేతో. డామర్ రన్‌వే 1965లో. 1966లో దుబాయికి చమురు దొరికింది, 1969లో ఎగుమతి మొదలైంది, 1973లో ప్రపంచమంతా చమురు ధర ఒక్కసారిగా లేచింది. డబ్బు వచ్చింది, కట్టడానికి మనుషులు కావాలి. ఒకప్పుడు బొంబాయికి కామాఠీలు కావాల్సి వచ్చినట్టే.

అదే టైమ్‌లో మన దగ్గర ఏం నడుస్తోంది? వాన పడితే పంట, లేకపోతే లేదు. దొరల కింద వెట్టి. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో వేలమంది రైతు కూలీలు కదిలి వచ్చారు. దాన్నే జగిత్యాల జైత్రయాత్ర అంటారు. ఆ అక్టోబర్‌లోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. క్యాంపులు, కేసులు, అరెస్టులు. ఇంట్లో పెళ్ళీడు పిల్లగాడు ఉంటే తల్లిదండ్రులకు నిద్ర పట్టని రోజులు. ఒక వైపు నుంచి కరువు, ఇంకో వైపు నుంచి పోలీసు భయం తోస్తుంటే, బొంబాయిలో ఇప్పటికే ఉన్న మామనో, బావనో గుంజాడు. గల్ఫ్ డబ్బు కోసమే అందరూ పోయారంటే అది సగం చరిత్రే. ఊళ్ళో ఉండలేక పోయినవాళ్ళూ ఉన్నారు.

ఆ తరం ప్రయాణం ఎట్లా ఉండేదో కొలుద్దాం. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి నుంచి బొంబాయికి బస్సు. ఏడెనిమిది వందల కిలోమీటర్లు, ఒక రాత్రి, ఆ మీద సగం పగలు. అక్కడ మన ఊరివాళ్ళ రూమ్‌లో మకాం. ఒక్క గదిలో పదిమంది. ఏజెంటు రేపు అంటాడు, ఎల్లుండి అంటాడు. మెడికల్, వీసా, ఎమిగ్రేషన్ ముద్ర. నెలలు గడిచేవి. ఆ నెలల్లో ఊరికే కూర్చోలేక అక్కడే కూలికి పోయినవాళ్ళు, విసిగి బొంబాయిలోనే ఆగిపోయినవాళ్ళు ఎంతమందో. విమానం బొంబాయి నుంచి మూడు గంటలే. ఆ మూడు గంటల ముందు మూడు నెలలు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే సర్వర్ స్పీడ్‌గానే ఉంది, క్యూలోనే టైమ్ అంతా పోతోంది.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు. ఆ సమ్మె తర్వాత చాలా మిల్లులు మళ్ళీ లేవలేదు. అంటే మన తొవ్వలో మధ్య స్టాప్ అయిన బొంబాయిలోనే పని తగ్గిపోయింది. మిల్లు నుంచి భీవండి మరమగ్గాలకు కొందరు, ఊరికి కొందరు, సముద్రం దాటి కొందరు. మరుసటి సంవత్సరం, 1983లో, కేంద్రం ఎమిగ్రేషన్ చట్టం తెచ్చింది. రిక్రూటింగ్ ఏజెంట్లకు లైసెన్స్ తప్పనిసరి అయ్యింది. చదువు తక్కువున్న కూలీలు గల్ఫ్‌కు పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. చట్టం పుట్టి నలభై ఏళ్ళు దాటింది. లైసెన్స్ లేని ఏజెంట్లు ఇప్పటికీ ఉన్నారు.

1985 అక్టోబర్‌లో ఎమిరేట్స్ మొదలైంది. మొదటి రూట్లలోనే కరాచీ, బొంబాయి, ఢిల్లీ ఉన్నాయి. పాత ఓడలు పోయిన రేవులే, ఈసారి గాలిలో. 2005లో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ తక్కువ టికెట్లతో గల్ఫ్‌కు తిరగడం మొదలుపెట్టింది. 2008 మార్చిలో బేగంపేట మూతపడి శంషాబాద్ తెరుచుకుంది. ఇవ్వాళ జగిత్యాల నుంచి లెక్క వేద్దాం. రోడ్డు మీద ఐదు గంటలు, ఎయిర్‌పోర్ట్‌లో మూడు, గాలిలో నాలుగు, అక్కడ దిగి బయటపడి క్యాంపు చేరడానికి రెండు. మొత్తం 14 గంటలు. డెక్ మీద వారం పోయి, బొంబాయి గదిలో మూడు నెలలు పోయి, ఒక్క రోజులోపే తేలుతోంది. ఇది నిజంగా పెద్ద మార్పు. కాదనను.

కానీ ఇదంతా పోయే లెక్క. ఇప్పుడు వచ్చే లెక్క చూద్దాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఏజెంటుకు లక్షన్నర అప్పు చేసి కట్టాడు, నూటికి రెండు రూపాయల మిత్తి. జీతం 1,000 దిర్హమ్‌లు. దిర్హమ్‌కు 22 రూపాయలు అనుకుంటే 22,000. తిండికి, ఫోనుకు, అక్కడి ఖర్చులకు 8,800 పోతే 13,200 మిగులుతుంది. అందులో ఇంటికి 7,000. మిగిలిన 6,200 అప్పుకు. మొదటి నెల 3,000 మిత్తికే పోతుంది. నెల నెలా అసలు తగ్గుకుంటూ పోయినా అప్పు తీరడానికి 33 నెలలకు పైనే పడుతుంది, ఒక్క నెల కూడా జీతం ఆగకపోతే. చాలా వీసాలు రెండేళ్ళవి, అంటే 24 నెలలు. కాగితం మీద రిటర్న్ డేట్ వచ్చేసరికి అప్పు ఇంకా తొమ్మిది నెలలు ఉంది. అప్పుడు ఏం చేస్తాడు? రాడు. ఇంటి దగ్గర భార్య బీడీలు చుట్టి నడుపుతున్న సంసారం ఇంకో రెండేళ్ళు అట్లనే నడుస్తుంది.

ఇప్పుడు ఇదే లెక్కలో ఒక్క అంకె మార్చండి. రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోవాల్సిన గరిష్ఠ ఫీజు నిబంధన ప్రకారం 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. కలిపితే 35,400. అప్పు అంతే అయితే? అదే 6,200 కడితే ఆరు నెలల చిల్లరలో తీరిపోతుంది. 33 నెలలకూ ఆరు నెలలకూ తేడా రెండేళ్ళకు పైనే. ఆ రెండేళ్ళు విమానం తినలేదు, గాలి తినలేదు. మధ్యలో ఉన్న మనిషి తిన్నాడు.

ఇది పని సరిగ్గా దొరికినవాళ్ళ లెక్క. విజిట్ వీసా మీద పోయినవాళ్ళు, చెప్పిన పని ఒకటై చేయించింది ఇంకొకటై కంపెనీ వదిలేసినవాళ్ళు వేరే. మన ఊళ్ళల్లో వాళ్ళను "ఖల్లివెల్లి" అంటారు. కాగితాలు లేని మనిషికి టికెట్ కొన్నా ఎయిర్‌పోర్ట్ దాటే హక్కు ఉండదు, జరిమానా రోజు రోజుకూ పెరుగుతుంది. యూఏఈ 1996, 2003, 2007, 2012, 2018, 2024లలో క్షమాభిక్ష ప్రకటించింది. ఆ సంవత్సరాలు వరుసగా చదవండి. ఒక క్షమాభిక్ష తప్పిపోతే ఇంకోదాని కోసం నాలుగేళ్ళు, ఆరేళ్ళు చూడాలి. నాలుగు గంటల దారికి ఆరేళ్ళ వెయిటింగ్.

ఇక మొదట్లో చెప్పిన పద్దెనిమిదేళ్ళు. రాజన్న సిరిసిల్ల జిల్లాకు చెందిన ఐదుగురు దుబాయిలో ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో జైలుకు పోయారు. చనిపోయిన వ్యక్తి కుటుంబం క్షమిస్తే అక్కడి చట్టంలో శిక్ష తగ్గే దారి ఉంది. సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ నేపాల్ వెళ్ళి ఆ కుటుంబాన్ని కలిసి 15 లక్షల రూపాయలు ఇచ్చారు, క్షమాపణ పత్రం వచ్చింది. అయినా విడుదల వెంటనే కాలేదు. దాదాపు 18 ఏళ్ళు జైల్లో గడిపి, 2024 ఫిబ్రవరి నాటికి వాళ్ళు ఇల్లు చేరారు. అక్కడ చనిపోయిన మనిషి కూడా మన వాళ్ళ లాగే ఊరొదిలి కూలికి వచ్చినవాడు, ఆయన ఇంటికి తిరిగి పోనే లేదు. ఈ రెండూ కలిపే గుర్తుపెట్టుకోవాలి.

శవపేటికలో వచ్చేవాళ్ళకూ టైమ్ పడుతుంది. డెత్ సర్టిఫికెట్, పోలీస్ క్లియరెన్స్, కాన్సులేట్ అనుమతి, పాస్‌పోర్ట్ రద్దు, ఎంబామింగ్, కార్గో బుకింగ్. ఒక్క కాగితం ఆగితే వారాలు. శంషాబాద్ నుంచి ఊరికి ఉచిత అంబులెన్స్ ఉంది. 2024 నుంచి రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల సాయం ఇస్తోంది. అవి కావాల్సినవే. కానీ 2020 మార్చిలో ఫ్లైట్లు బంద్ అయినప్పుడు చూశాం కదా, మే 7న వందే భారత్ మిషన్ మొదలయ్యేదాకా బతికున్నవాళ్ళకే దారి లేదు.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా ఇప్పుడు పోతుంటే టికెట్ మీద ఉన్న నాలుగు గంటలు చూడకండి, మూడు చూడండి. ఏజెంటు లైసెన్స్ నంబర్ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందా? వీసా విజిట్‌దా, పనిదా? అప్పు ఎన్ని నెలల్లో తీరుతుంది, ఆ నెలలు వీసా కాలం కంటే తక్కువా? ఇంకోటి, కూలీ పనికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో పోయేవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్ళకు 275 రూపాయలు, మీద టాక్స్, ప్రమాదంలో పోతే 10 లక్షలు. ఆ కాగితం ఒక కాపీ ఇంట్లో పెట్టించండి.

చివరగా ఒక పని చెప్తాను. మీ నాన్నదో, తాతదో పాత పాస్‌పోర్ట్ బీరువాలో ఉంటే తీసి చూడండి. డిపార్చర్ ముద్ర బొంబాయిదా, హైదరాబాద్‌దా? పోయిన తేదీకీ, వచ్చిన తేదీకీ మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టండి. మన జిల్లాల నుంచి దుబాయికి ఎంత దూరమో ఆ రెండు ముద్రల మధ్య రాసి ఉంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.